సైకిలు షెడ్డు బయటే ఆపండి

పట్టుపురుగుల ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మదనపల్లెలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు. వరండాలో ఉన్న సైకిలు వైపు చూస్తారు. ఆ తరువాత అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు.

“సార్, ముప్పై రెండేళ్ళూ దీనిమీదే తిరిగినారా?”

దీనిమీద కాదు. ఇది నాలుగోది. మొదటిదాన్ని కుప్పం బస్టాండులో ఎవరో ఎత్తుకుపోయారు. రెండోదానికి ఫ్రేము విరిగింది. మూడోదాన్ని అడిగినవాడికి ఇచ్చేశాను. “మరి మోటారు బండి కొనుక్కోలేదా సార్?” అనేది రెండో ప్రశ్న. కొన్నాను. ఒక మోపెడ్. కొన్న నాలుగో రోజు పుంగనూరు బజారులో ఆవు అడ్డం వచ్చింది. ఆవుకేమీ కాలేదు. నా భుజం ఎముక విరిగింది. కట్టు కట్టించుకుంటుండగానే నా భార్య సరోజ తీర్పు చెప్పేసింది: “ఇంగ మోటారు బండి మన గడప తొక్కరాదు.” తొక్కలేదు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పీ చెప్పీ విసుగెత్తి ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చింది ఒక్కటే, అదీ నా మోకాళ్ళు అరిగిపోయాక వచ్చింది. ఫైళ్ళ సంగతీ రాయను. ఉద్యోగం నిజంగా ఎట్లా ఉంటుందో మాత్రం చెబుతాను.

మీరు టెక్నికల్ అసిస్టెంటుగా చేరినప్పుడు మీ పని పురుగులతో అనుకుంటారు. సగం పని రోడ్డుతో. పట్టుపురుగుకు తెల్లవారగానే మల్బరీ ఆకు వేయాలి. ఆకు వేయకముందే మీరు పురుగులు పెంచే షెడ్డులో ఉంటే పురుగు ఆకలిగా ఉందా, మందకొడిగా ఉందా, రోగంలో పడిందా తెలుస్తుంది. ఆకు వేశాక పోతే ఆకు తప్ప ఏమీ కనబడదు. మా కాలంలో ఆ పల్లెలకు మొదటి బస్సు తొమ్మిదింటికి. అది కూడా వస్తే. అందుకని అయిదున్నరకు సైకిలెక్కాలి. ఇంతే కథ. ఇందులో ఆరోగ్య సూత్రమూ లేదు, పొదుపూ లేదు.

కుప్పం

మొదటి ఉద్యోగం కుప్పంలో. శిక్షణలో పురుగు గురించి చెప్పారు, ఆకు గురించి చెప్పారు, షెడ్డులో వేడి ఎంత ఉండాలో చెప్పారు. షెడ్డు దాకా ఎట్లా పోవాలో ఎవరూ చెప్పలేదు.

ఆ చుట్టుపక్కల రోడ్డు చదునుగా ఉండదు. పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు అయితే ఏదో సరిపెట్టుకోవచ్చు. నాకు పోయేటప్పుడూ ఎక్కుడే, వచ్చేటప్పుడూ ఎక్కుడే. ఇది ఎట్లా సాధ్యమో ఆరేళ్ళు ఆలోచించినా అంతు చిక్కలేదు. ఆషాఢమాసం గాలి కూడా అంతే. ఎటు పోతే అటునుంచే ఎదురు వచ్చేది. ఇక కుక్కలు. ఏడాది పొడుగునా రోజూ నన్ను చూసిన కుక్క కూడా రోజూ కొత్తవాణ్ణి చూసినట్టే మీద పడేది. ఇక్కడ ఒక పనికొచ్చే మాట చెబుతాను: కుక్క వెంటపడితే సైకిలు దిగి నడవండి. తొక్కితే తరుముతుంది. దిగితే వాసన చూసి, మీలో ఏమీ లేదని తెలుసుకుని పోతుంది.

ఒకరోజు పొద్దున, ఇంకా మంచు విడవలేదు, తల వంచుకుని ఎక్కుడులో తొక్కుతున్నాను. రోడ్డు పక్కన పెద్ద రాతిగుండు మీద నుంచి ఒక ముసలాయన కేక వేశాడు.

“ఓ పురుగుల సారూ! యాడికి పోతాండావు? ముందర ఏనుగులు ఉండాయి. ఎనక్కి తిరుగు!”

“ఎన్నుండాయి తాతా?”

“లెక్క పెట్టేదానికి నువ్వు పోప్పా. నేను ఈడే ఉంటా.”

సైకిలు అక్కడే పడేసి నేనూ ఆ గుండు ఎక్కాను. రాగి చేలో నాలుగు ఏనుగులు నింపాదిగా మేస్తున్నాయి. రెండు గంటలు ఆ గుండు మీదే కూర్చున్నాము. ఆ రోజు నేను చూడాల్సిన షెడ్లు చూడలేకపోయాను. డైరీలో ఉన్నదున్నట్టు రాశాను: ఏనుగుల వల్ల పోలేదు.

మరునాడు మా ఆఫీసరు పిలిపించాడు. ఆయనకు జీపు ఉండేది. రోడ్డు ఎక్కుడో దిగుడో జీపులో తెలియదు.

“ఏనుగులని రాస్తే ఎలాగయ్యా? పై నుంచి ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? సాక్షి సంతకం తీసుకున్నావా?”

“ఎవరిది సార్, ఏనుగుదా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మరుసటి వారం నుంచి ఆఫీసులో అందరికన్నా దూరపు పల్లెలు నాకు పడ్డాయి. నోరు జారితే దానికి మన కాళ్ళే జవాబు చెప్పాలని కుప్పంలో నేర్చుకున్నాను.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఆయనకూ, ఆ తరువాత వచ్చిన చాలామందికీ కావలసింది పురుగు కాదు, సంతకం. ప్రతి షెడ్డులో గుడ్డ అట్ట వేసిన ఒక పుస్తకం మేకుకు వేలాడుతుండేది. మనం పోయి ఏం చూశామో అందులో రాసి సంతకం పెట్టాలి. నెలాఖరుకు ఆ సంతకాలు ఎన్ని ఉన్నాయో చూసేవారు. ఒక షెడ్డులో గంటసేపు కూర్చుని పంటను కాపాడినవాడికన్నా, పది షెడ్లలో సంతకం గీకి వచ్చినవాడే మంచి ఉద్యోగి. ఈ సంతకాల పిచ్చి ఎంత చెరుపు చేస్తుందో నాకు పుంగనూరులో తెలిసింది. కానీ ముందు మదనపల్లె సంగతి చెప్పేస్తాను. పుంగనూరు గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు.

మదనపల్లె

పుంగనూరు నుంచి నన్ను మదనపల్లెకు పంపింది గౌరవంతో కాదు. అయినా ఊరు నాకు నచ్చింది. రోడ్లే నచ్చలేదు.

టమాటా కాలంలో మార్కెట్టు వైపు సైకిలు తొక్కినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. లారీల నుంచి రాలిన కాయలు టైర్ల కింద నలిగి రోడ్డంతా రసమవుతుంది. నేను ఒకే చోట మూడుసార్లు జారిపడ్డాను. మూడోసారి ఒక ఆటో ఆయన బండి ఆపి నన్ను లేపాడు.

“యాల సారూ ఈ వయసులో ఈ కష్టం? దాన్ని పైన కడతాను, ఎక్కండి. ఆఫీసు కాడ దింపుతా.”

మంచివాడే. కానీ అప్పటికి ఆ వారంలో నాకు సలహా చెప్పినవాళ్ళలో ఆయన ఏడోవాడు. డాక్టరు గుండెకు సైకిలు మంచిదన్నాడు. ఇంకో డాక్టరు మోకాళ్ళకు మంచిది కాదన్నాడు. మా వీధిలో పాల ఆయన “సారు పిసినారోడు” అని సరోజతోనే అన్నాడట. ముప్పై ఏళ్ళు సైకిలు తొక్కితే కాళ్ళ నొప్పి ఒక వంతు, ఈ సలహాలు మూడు వంతులు.

ఆఫీసును కొత్త భవనంలోకి మార్చారు. మొదటి రోజే గేటు దగ్గర కాపలా ఆయన ఆపాడు.

“సైకిలు ఆడ పెట్టరాదు సారూ. ఆడ బండ్లు పెట్టేది.”

“ఇది బండి కాదా అప్పా?”

“నాకేం తెలుసు సారూ. కార్లకూ మోటారు బండ్లకూ అని చెప్పినారు. సైకిలు గురించి ఎవురూ చెప్పలేదు.”

నిజమే, ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యేదాకా నా సైకిలు జనరేటరు వెనక నిలబడింది.

ఆ చివరి ఏళ్ళలో నాకు నిజంగా కోపం తెప్పించింది ఇవేవీ కావు. కొత్తగా చేరినవాళ్ళు మోటారు బండ్ల మీద వాల్మీకిపురం వైపు పల్లెలకు పోయి, ఒక పొద్దుటిపూటలో ఎనిమిది షెడ్లు చూసి వచ్చేవారు. ప్రతి షెడ్డులో ఫోనుతో ఒక ఫొటో. పుస్తకంలో సంతకానికి బదులు ఇప్పుడు ఫొటో, అంతే తేడా. రోగం ఉన్న షెడ్డు నుంచి నేరుగా రోగం లేని షెడ్డుకు. కాళ్ళు కడిగేది లేదు, బట్టలు మార్చేది లేదు. ఒకరోజు ఆఫీసులో అందరి ముందూ అరిచేశాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం, అప్పటికి చేరి రెండు నెలలు, నవ్వకుండా అడిగింది.

“సార్, మీరు ఎప్పుడైనా అట్ల రోగం మోసినారా?”

ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేదు. ఫైలు తిరగేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

పుంగనూరు

పుంగనూరులో నాకు రెండు వైపులా రెండు పల్లెలు ఉండేవి. రెంటికీ మధ్య పద్దెనిమిది కిలోమీటర్లు. ఒక పల్లెలో కదిరప్ప అనే రైతు. ఇంకో పల్లెలో నారాయణప్ప, ఆయన భార్య చెంగమ్మ. పేరుకు షెడ్డు నారాయణప్పది. పురుగు పెంచేది చెంగమ్మ. తట్టలో చెయ్యి పెట్టి, పురుగుకు ఎంత ఆకలిగా ఉందో చెప్పేది. అట్లాంటి చెయ్యి నా ఉద్యోగంలో నేను ఇంకెవరిదీ చూడలేదు.

ఆ రోజు పొద్దున్నే కదిరప్ప షెడ్డుకు పోయాను. పురుగులకు పాల రోగం. అది తగిలితే పురుగు ఉబ్బి, తట్ట అంచులకు పాకుతుంది. చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. ఆ ద్రవం ఎక్కడ అంటితే అక్కడికి రోగం పోతుంది. చచ్చినవాటిని సున్నంలో పూడ్చమని చెప్పాను. ఆఫీసులో చూపించడానికి నాలుగు పురుగులను కవరులో వేసి, కవరును గోనెసంచిలో పెట్టి, సంచిని సైకిలు క్యారియరుకు కట్టాను.

నియమం ఏమిటంటే, రోగమున్న షెడ్డులో అడుగు పెడితే ఆ రోజుకు అదే ఆఖరు. ఇంటికి పోయి స్నానం చేయాలి. బట్టలు మార్చాలి. సైకిలును బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. మరునాడే ఇంకో షెడ్డు. ఈ మాట రైతులకు వందసార్లు చెప్పింది నేనే.

కానీ అది నెలాఖరు. సంతకాలు తక్కువ పడ్డాయని ముందురోజే ఆఫీసరు అందరి ముందూ తిట్టి ఉన్నాడు. చెంగమ్మ షెడ్డు ఒక్కటి చూసి వచ్చేద్దామని బయలుదేరాను. ఎదురుగాలి. సగం దారిలో తుమ్మముల్లు దిగి ట్యూబు పంచరైంది. మూడు కిలోమీటర్లు తోసుకుంటూ పోతే పంచర్ల అంగడి మూసి ఉంది. అంగడాయన వచ్చేదాకా గంట కూర్చున్నాను. చెంగమ్మ షెడ్డు చేరేసరికి తుంపర మొదలైంది. ఆకలి, చెమట, ఒళ్ళంతా చికాకు.

చెంగమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పురుగులు అప్పుడే నాలుగో జ్వరం లేచాయి. పురుగు మేత మానేసి పడుకుని, పాత చర్మం వదలడాన్ని రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు బాగా మేసి గూడు కడుతుంది.

“సారూ, సైకిలు బయట పెట్టండి. లోపల ఆకు ఉండాది.”

“వాన పడుతోంది కదమ్మా. మళ్ళీ ఊరిదాకా తొక్కాల్సింది నేనే కదా.”

“గోనె కప్పుతాను సారూ, తడవదు. బయటి వస్తువేదీ ఆకు కాడికి రాకూడదని మీరే గదా చెప్పినారు.”

నాకు ఒళ్ళు మండింది. “నేను చెప్పింది నాకే చెబుతావా?” అన్నాను.

ఆమె పక్కకు తప్పుకుంది. సైకిలును ఆకు ఉంచే వరండాలోకి తోసి, గోడకు ఆనించాను. క్యారియరు మీది సంచి ఆకు మోపులను రాసుకుంటూ ఉండిపోయింది. బ్లీచింగ్ నీళ్ళతో చేతులు కడుక్కుని, కాళ్ళు తడిపి, లోపలికి పోయి పురుగులు బాగున్నాయని పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. చేతులు, కాళ్ళు కడిగాను. సైకిలును కడగలేదు.

ఆరో రోజు మళ్ళీ పోయాను. చెంగమ్మ షెడ్డు బయట నేలమీద కూర్చుని ఉంది. లోపల తట్టల అంచుల నిండా ఉబ్బిన పురుగులు. ఇంకో రెండు రోజులకు గూళ్ళు కట్టాల్సినవి.

“సూడండి సారూ, ఎట్లయిపోయినాయో,” అన్నాడు నారాయణప్ప. “మైలలో ఉండి లోపలికి పోయింటాది ఈమె. ఇంగ షెడ్డులోకి రానీను.”

“నేను పోలేదు,” అంది చెంగమ్మ. “ఆ మూడు పొద్దులూ నువ్వే గదా ఆకేసింది.”

“మైలకూ దీనికీ సంబంధం లేదప్పా,” అన్నాను నేను. “ఇది అంటురోగం.”

“అయితే యాడ నుంచి వచ్చింది సారూ?”

చెంగమ్మ నా వైపు చూసింది. నేను తట్టల వైపు చూశాను.

“గాలికి కూడా రావచ్చు,” అన్నాను.

ఆఫీసులో నివేదిక రాయాలి. కారణం అనే చోట ఏమి రాయాలని అడిగితే ఆఫీసరు తల ఎత్తకుండానే, “రైతు అశ్రద్ధ అని రాసెయ్. అందరికీ అదే,” అన్నాడు. రాశాను. సంతకం పెట్టాను. ముప్పై రెండేళ్ళలో నేను పెట్టిన సంతకాల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

తరువాతి పంట నారాయణప్ప ఒక్కడే పెట్టాడు. నేను పోయేసరికి పురుగులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, సమంగా లేవు. తిరిగి వస్తుంటే చెంగమ్మ తోటలో నుంచి ఆకు మోపు నెత్తిన పెట్టుకుని ఎదురు వచ్చింది. మోపు దించకుండానే నిలబడింది.

“సారూ, తట్టల్లో ఆకు శానా ఎక్కువయింది. కింద తడిగా ఉండాది. వాసన బయటికే వస్తాంది. ఆయనకు తెలీదు, నేను చెప్తే ఇనడు. మీరన్నా చెప్పండి.”

అంతే. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే తలవంచుకుని ఇంటికి పోయేవాణ్ణి.

ఏడు కిలోమీటర్లు వచ్చాక ఇక తొక్కలేకపోయాను. దిగి, సైకిలు తిప్పాను. మళ్ళీ ఆ షెడ్డు చేరి, నారాయణప్పను పిలిచి, చెంగమ్మ వింటుండగానే జరిగింది చెప్పాను. కదిరప్ప షెడ్డు, గోనెసంచి, వాన, ఆమె వద్దనడం, నేను వినకపోవడం.

నారాయణప్ప అడిగాడు:

“నెల పొద్దులు యాల చెప్పలేదు?”

“భయమప్పా.”

“ఎవురికి?”

“ఆఫీసరుకు. నీకు కూడా.”

“ఈ నెలంతా మా ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలుసునా?” అన్నాడు. అప్పటిదాకా మీరు అన్నవాడు నువ్వు అన్నాడు. “నేను ఈమెను ఎన్ని మాటలన్న్యానో తెలుసునా?”

చెంగమ్మ గుమ్మం పక్కన మేకుకున్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

“నోటి మాట వద్దు సారూ. దీంట్లో రాయండి.”

గోడకు ఆనుకుని రాశాను. ఆ పేజీ పైకి పోతే ఏమవుతుందో తెలుసు. అయింది కూడా. మరునాడు నేనే దాని నకలు ఆఫీసరుకు ఇచ్చాను. వారంలో మెమో, ఆ తరువాత మదనపల్లె. కానీ ఆ క్షణంలో నేను భయపడింది మెమోకు కాదు. చెంగమ్మ నా భుజం పక్కన నిలబడి ఒక్కొక్క అక్షరమే చదువుతోంది.

“‘సైకిలు లోపల పెట్టడం జరిగింది’ అని యాల రాసినారు?” అంది. “దానంతటదే జరిగిందా? పెట్టింది మీరు గదా.”

కొట్టేసి, “నేను పెట్టాను” అని రాశాను.

“నేను వద్దని చెప్పింది కూడా రాయండి.”

రాశాను. సంతకం పెట్టాను. ఆమె పుస్తకం తీసుకుని భర్తకు ఎదురుగా నిలబడి, మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివింది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం వల్ల చాలాసేపు పట్టింది. ఇద్దరమూ నిలబడి విన్నాము. చదవడం అయ్యాక పుస్తకాన్ని మేకుకు తగిలించింది. కొంగు నడుముకు దోపుకుని, బకెట్లోని బ్లీచింగ్ నీళ్ళతో చేతులు కడిగి, గుమ్మంలో అవే నీళ్ళతో తడిపి వేసిన గోనె తొక్కి, భర్తను దాటుకుని షెడ్డులోకి పోయింది.

కొంచెంసేపటికి లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది.

“ఈ కుళ్ళిన ఆకు ఎత్తేదానికి గంప తీసుకురా. ఆలస్యమైతే ఇవీ పోతాయి.”

నారాయణప్ప ఒకసారి నా వైపు చూశాడు. తరువాత గంప కోసం పోయాడు.